ఆయా మోసుకొచ్చిన జవాబు

పోయిన ఆదివారం గుళ్లో ఆరాధన ముగియబోతుండగా పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, మన సంఘపు సహోదరి ఒకామె ప్రభువునందు నిద్రించిందని చెప్పి ఒక పేరు చదివారు. ఎవరబ్బా అనుకున్నాను. అమీర్‌పేటలో నాకు తెలియని విశ్వాసి ఎవరున్నారా అని వెనక్కి తిరిగి కూడా చూశాను. పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచి, "మన ఆయానే టీచరమ్మా" అంది. ఆ తర్వాత ఏ కీర్తన పాడారో, దీవెన ఎప్పుడు ఇచ్చారో నాకు తెలియదు.

ఎనిమిదేళ్లు ఎరిగిన మనిషి పేరు నాకు తెలియలేదంటే నా మీద నాకే అసహ్యం వేసింది. సోమాజిగూడలో దొరల బంగళాలో ఆయాగా చేసేది కాబట్టి అందరికీ ఆమె ఆయానే. ఆ పేరేదో ఇప్పుడు తెలిసింది కదా అని ఇక్కడ రాసేయను. బతికున్నన్నాళ్లూ పిలవని పేరుతో పోయాక పిలవడం ఏం మర్యాద? నాకు ఆయానే.

పొట్టి మనిషి. తెల్లచీర కొంగు నడుముకి బిగించి, కాళ్లకు చెప్పుల్లేకుండా, వెనక నుంచి ఎవరో పిలుస్తున్నట్టు తల కాస్త ఒకవైపు వాల్చి నడిచేది. మనం మాట్లాడుతుంటే మన కళ్లలోకి చూసేది కాదు, నోటి వంక చూసేది. పళ్లలో ఏమైనా ఇరుక్కుందేమోనని మొదట్లో నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తన భాష కాని ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసి అబ్బిన అలవాటు అది. మాట అర్థం కాకపోయినా పెదవులు చూసి పని పట్టేసేది. గొంతు మరీ మెత్తన. గుమ్మంలోకొచ్చిన కోడిని కూడా "జర జరుగు తల్లీ" అని బతిమాలేది. పాలలో నీళ్లెక్కువైతే, "ఇయ్యాల మీ బర్రె మస్తు నీళ్లు తాగినట్టుందయ్యా" అనేది తప్ప పాలవాణ్ని పల్లెత్తు మాట అనేది కాదు.

అలాంటి మనిషి ఇంగ్లీషులోకి దిగిందంటే మాత్రం జమాదారే.

నేను గుంటూరు వైపు నుంచి ఇక్కడి మిషన్ బడికి టీచరుగా వచ్చిన కొత్తలో ఒక పెద్ద దొరసాని బడి చూడ్డానికి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. ఆవిడ వస్తోందంటే మా హెడ్మాస్టరు గారికే చెమటలు పట్టాయి. ఎండన పడి వచ్చింది కదా అని, ఆ పూట పనికి వెళ్లకుండా బడి వెనక తన ఇంట్లోనే ఉన్న ఆయాను నిమ్మరసం కలిపి తెమ్మన్నాం. ఆయా పళ్లెంలో గ్లాసు పెట్టి తెచ్చింది, దొరసాని ముందు నిలబడింది, "డ్రింక్ ఇట్!" అంది. దొరసాని ఓ గుక్క తాగి గ్లాసు దించబోయింది. "ఆల్ ఆఫ్ ఇట్! నో టాకింగ్!" అంది ఆయా, అంతే మెత్తని మొహంతో. దొరసాని ఆమె వంక ఒక్క క్షణం చూసి, చివరి చుక్క వరకూ తాగేసింది. "వైప్ యువర్ మౌత్!" అంటూ ఆయా తువ్వాలు అందించింది. ఇక బడి మూతే అనుకున్నాను. దొరసాని మూతి తుడుచుకుని, బుద్ధిగా తువ్వాలు మడిచి తిరిగి ఇచ్చింది.

ఆ సాయంత్రం నేను మందలించబోతే ఆయా బిత్తరపోయింది. "తప్పు మాటలా టీచరమ్మా? మా దొరసాని గట్లనే అంటుండె గద" అంది. అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లు ఒకే దొర కుటుంబంలో చేసింది. ఆ ఇరవై ఏళ్లలో ఆమె చెవిన పడిన ఇంగ్లీషంతా ఆజ్ఞలే. తే, తీసుకుపో, తలుపు వెయ్యి, పిల్లల చేతులు కడుగు. పిల్లలకైతే తాగు, తుడుచుకో, మాట్లాడకు. ఇంగ్లీషులో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు, ఆమెకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

యుద్ధం ముదిరాక ఒక ఆదివారం, గుడి అయ్యాక, ఆయా నా గది గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నాకు అడుగుడు నేర్పు" అంది.

"ఏం అడగడం?"

"ఇంగ్లీషుల అడుగుడు. తే, పో అనుడు నాకొస్తది. అడుగుడే రాదు."

ఆమెకు ఒక్కడే కొడుకు. మిలిటరీ ఆసుపత్రిలో పనికి చేరి మలయా వెళ్లాడు. జపాను వాళ్లు ఆ దేశం పట్టుకున్నప్పటి నుంచి ఉత్తరం ముక్క లేదు. పాస్టరుగారు రెండుసార్లు అర్జీ రాశారు. విచారిస్తున్నాం అంటూ రెండుసార్లూ ఒకే అచ్చుకాగితం వచ్చింది. పాత దొరలు వాళ్ల దేశం వెళ్లిపోయారు. బంగళాలోకి కొత్తగా వచ్చిన దొర సికింద్రాబాదులో మిలిటరీ ఆఫీసరు, కనుక్కోగలిగితే ఆయనే కనుక్కోగలడు. కానీ ఆయనకు ఉర్దూ రాదు, తెలుగు అసలే రాదు. ఏం చెప్పాలన్నా బట్లరు నోటి గుండా పోవాల్సిందే. కొడుకు పేరూ నంబరూ రాయించిన కాగితం ఆయా బట్లరుకిచ్చింది. "దొర చూస్తడట" అన్నాడు బట్లరు. నెల తర్వాత అడిగితే మళ్లీ అదే మాట.

"నేను మంచి ఇంగ్లీషులో చీటీ రాసిస్తాను, దొర చేతిలో పెట్టు ఆయా" అన్నాను. అప్పట్లో నా ఇంగ్లీషు మీద నాకు అంత నమ్మకం.

ఆయా తల అడ్డంగా ఊపింది. "కాయితానికి మొకం ఉంటదా? బట్లరు మొకం సూస్తే ఏం తెలుస్తలేదు. నా కొడుకు సంగతి నా నోటితోని అడుగుత. అడిగినప్పుడు దొర మొకం ఎట్లుంటదో సూస్త. గంతే టీచరమ్మా."

అలా మొదలైంది మా ఆదివారం బడి. నేను చదువుకున్నవి నాలుగు రకాల వాక్యాలు. చెప్పేది, అడిగేది, ఆజ్ఞాపించేది, ఆశ్చర్యపోయేది. వేళ్లు మడిచి నాలుగూ వివరించాను. ఆయా అంతా విని నా మూడో వేలు పట్టుకుని, "గిది నా తాన ఉన్నది. రెండోది ఇయ్యి చాలు" అంది, సంతలో బేరం చేసినట్టు.

వరస తప్పితే నాకు నచ్చదు. చెప్పే వాక్యం రాకుండా అడిగేది ఎలా వస్తుందని పట్టుపట్టాను. "దిస్ ఈజ్ ఎ క్యాట్" అనమంటే గదంతా వెతికింది. "పిల్లి ఏదీ?" పిల్లి లేకుండా ఆ మాట అననంది. "ఐ యామ్ ఎ టీచర్" అనమంటే చెంపలు వేసుకుంది. "నేనా! గంత అబద్ధం ఎట్ల చెప్త?" ఇక లాభం లేదని ఉన్నవాటికే వాక్యాలు కట్టుకున్నాం. ఇది కుండ. ఇది నా చెయ్యి. నీళ్లు చల్లగా ఉన్నాయి. నా మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. ఇవన్నీ ఇంగ్లీషులో ముచ్చటగా చెప్పేది, మోకాళ్ల సంగతి మరీనూ. బాగా అలవాటు పడింది కదా అని ఒకనాడు, "మై సన్ ఈజ్ ఇన్ మలయా, అను" అన్నాను. నోరు తెరిచింది, మూసేసింది.

"ఉన్నడో లేడో నాకేమెరుక? ఉన్నడని చెప్పియ్యకు. లేడని చెప్పియ్యకు. అడుగుడొక్కటే నేర్పు తల్లీ" అంది.

ఆ రోజుతో నా వరస నేను కట్టిపెట్టాను.

మాటలు గుర్తుపెట్టుకోవడానికి ఆమె పద్ధతి ఆమెకుంది. చదువు రాదు, రాసుకోవడం రాదు. పొద్దున్నే అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా సోమాజిగూడకు నడిచి వెళ్లే దారిలో ఒక్కో చోటికి ఒక్కో మాట అప్పజెప్పింది. మోట బావి దగ్గర 'వేర్'. నవాబు తోట గోడ మలుపులో 'వెన్'. పంజగుట్టలో టాంగాలు ఆగే చోట 'హూ', ఎందుకంటే అక్కడ ఎప్పుడూ ఎవరో కొత్త మనుషులు ఉంటారట. సీతాఫలం పొదల దగ్గర 'అలైవ్'. బతికి ఉండటం అని నేను అర్థం చెప్పినప్పుడు కాసేపు ఆలోచించి, ఎండాకాలమంతా కట్టెల్లా ఉండి వాన పడగానే చిగిర్చే ఆ పొదలకు ఆ మాట ఇచ్చింది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టి, ఆ చోటు దాటాకే పలికేది. "ఏమత్తా, గాలితోని మాట్లాడుతున్నవా?" అని టాంగావాళ్లు నవ్వేవాళ్లు. "ఇంగ్లీషుతోని బిడ్డా" అనేది.

అడిగే వాక్యాలు పట్టుబడ్డాక వాటిని నా మీదే సాధన చేసింది. "వేర్ ఈజ్ యువర్ మదర్?" అని మొదటిసారి అడిగినప్పుడు నేను పలుకు సరిదిద్దడం మర్చిపోయి, అమ్మ ఊళ్లోనే ఉందనీ, ఆయాసంతో బాధపడుతోందనీ తెలుగులో గడగడా చెప్పేశాను. "ఈజ్ షి గుడ్?" "డూ యు ఈట్?" "వెన్ యు గో హోమ్?" ప్రతి ఆదివారం వరసపెట్టి అడిగేది. తప్పో ఒప్పో, ఆ ఊళ్లో నన్ను అన్ని సంగతులు అడిగిన మనిషి మరొకరు లేరు. నేను తెలుగులో చెబుతూ పోయేదాన్ని. మధ్యమధ్యలో నా 'ఏంటి'కీ 'అలాగే'కీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "మీ దిక్కు తెలుగు సుత నాకు ఇంగ్లీషు లెక్కనే ఉంటది టీచరమ్మా. ఒక్కటి నేర్పుమంటే రెండు నేర్పవడ్తివి."

'ప్లీజ్' మాత్రం పట్టలేదు. దొరలతో మాట్లాడేటప్పుడు ఆ మాట లేకపోతే బాగుండదని చెప్పాను.

"అంటే ఏంది?"

"దయచేసి అని."

"దయ ఎందుకు? కొడుకును ఇచ్చింది నేను, తీస్కపోయింది ఆల్లు. ఏడ పెట్టిండ్రని అడుగుతున్న. గింతదానికి బతిమాలుడెందుకు?" కోడిని బతిమాలే గొంతుతోనే అంది ఆ మాట. నేను మళ్లీ 'ప్లీజ్' ఎత్తలేదు.

ఇంకొక మాట నేను కావాలనే నేర్పలేదు. 'అలైవ్' నేర్పాను, దానికి ఎదురు మాట నేర్పలేదు. ఆమె అడిగింది కూడా. "బతికుండకపోతే ఏమంటరు?" "అది మన పాఠంలో లేదు ఆయా" అన్నాను. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాను, వెర్రిదాన్ని.

నాలుగు నెలలకు ప్రశ్న తయారైంది. "సర్, వేర్ ఈజ్ మై సన్? ఈజ్ హి అలైవ్?" రెండే రెండు వాక్యాలు. నా కొడుకు ఎక్కడున్నాడు, బతికున్నాడా అని. నాకు ట్రైనింగులో పాఠం చెప్పిన వాళ్లు కూడా అంత శుభ్రంగా పలికేవారు కాదు. ఇక అడగడమే తరువాయి. కానీ ఏ ఆదివారం చూసినా "దొర చిరాకు మీదుండె", "దొర చిన్నపాపకు జరమొచ్చె" అని ఏదో ఒక వంక. నాకు ఓపిక తక్కువ.

"ఇంత కష్టపడి నేర్చుకున్నది మూటగట్టి దాచుకోవడానికా? ఇంకెప్పుడు అడుగుతావు?" అని కసిరాను.

"అడిగితే జవాబొస్తది గద టీచరమ్మా" అంది.

"రావాలనే కదా అడిగేది!"

ఆయా లేచి వెళ్లింది. ఆ వారంలోనే అడిగింది.

మూడో తరగతి ఆడపిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. కిటికీలోంచి ఆయా వస్తూ కనిపించింది. బంగళాలో పని ఉండే వేళ, ఇటెందుకు వస్తోందా అనుకున్నాను. వడివడిగా నడుస్తోంది, పెదవులు ఆడుతున్నాయి. గేటు దగ్గర బఠాణీలమ్మే ఆమె "ఏమైంది ఆయా" అన్నా పలక్కుండా వచ్చేసింది. నేను గుమ్మంలోకి వెళ్లి నోరు తెరవబోతే, ఆగమని అరచెయ్యి చూపించింది. నిండుకుండ నెత్తి మీంచి తొణక్కుండా దించుకున్నట్టు ఒక్కో మాటా నా ముందు దించింది.

"సిట్ డౌన్, ఆయా. ఐ రోట్ టు దెమ్. ద లెటర్ కేమ్ లాస్ట్ వీక్. హి డైడ్ ఇన్ ద క్యాంప్. ఐ డిడ్ నాట్ నో హౌ టు టెల్ యు."

గొంతు ఆమెది కాదు, దొరది. దొర గొంతు సవరించుకున్న చోట తానూ సవరించుకుంది. ఒక్క అక్షరం పోలేదు. మొత్తం అప్పజెప్పి, ఊపిరి వదిలి, "గిదీ ఆయన జవాబు. ఏమన్నడు టీచరమ్మా?" అంది.

నాలుగు నెలలు అడగడం నేర్పాను, జవాబు వినడం నేర్పలేదు. ఆమె ఇంగ్లీషులో అడిగిన ప్రతిదానికీ నేను తెలుగులోనే చెబుతూ వచ్చాను. దొర ఇంగ్లీషులోనే కదా చెబుతాడు, అప్పుడు ఈమె ఏం కావాలని నాకు తట్టనే లేదు. అర్థం తెలియని మాటలు ఎక్కడ జారిపోతాయోనని సోమాజిగూడ నుంచి ఇంతదూరం వల్లె వేసుకుంటూ వచ్చింది. కొడుకు పోయాడన్న మాట తన నోటితో తానే ఎన్నిసార్లు అనుకుంటూ వచ్చిందో ఆ తల్లి.

నేను అబద్ధమాడాను. "దొర వాళ్లకు రాశాడట ఆయా. ఉత్తరం వచ్చిందట. ఇంకా సరిగా తెలియలేదట... కనుక్కుంటాడట" అన్నాను. నా పెదవులు నా మాట వినలేదు, వణికాయి. ఆమె వాటి వంకే చూస్తోంది.

"దొర లేచి ఆయన కుర్సీ నా దిక్కు జరిపిండు" అంది ఆయా నెమ్మదిగా. "సిట్ డౌన్ అంటే నాకెరుకే గద, పిల్లలకు దినాం చెప్పేదే. నాకెవ్వరు చెప్పలే. గిన్నేండ్లల ఒక్కపారి చెప్పలే. గా కుర్సీ సూసినప్పుడే సమజైంది. అయినా తొవ్వంత అనుకుంట వచ్చిన, ఇంకేమన్న అయ్యుంటదేమో, టీచరమ్మ చెప్తే ఇంకో తీరుగుంటదేమో అని. నువ్వు సుత దాస్తే ఎట్ల తల్లీ? మన మాటల నాకెవరు చెప్తరు?"

"పోయిండు ఆయా" అన్నాను. ఆమె మాటలోనే వచ్చింది నాకు. "క్యాంపుల పోయిండట."

గోడ పట్టుకుని కింద కూర్చుంది. పిల్లలు ఎక్కాలు ఆపేశారు. నేను పక్కన కూలబడి ఆమె భుజం మీద తల పెట్టి భోరుమన్నాను. ఓదార్చాల్సిన దాన్ని నేను, నా వీపు నిమిరింది ఆమె.

"ఇంకేమన్నడు?" అంది కాసేపటికి.

వారం కిందటే తెలిసిందట, నీకెలా చెప్పాలో తెలియలేదట అని చెప్పాను.

"పాపం. ఆయనకు సుత మాట రాలే" అంది.

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "చిన్నపాప నిద్ర లేసే యాళ్లయింది. నేను లేకుంటే పాలు తాగదు." వద్దు, ఇవాళ ఉండిపో అంటే వినలేదు. పిల్లల్ని పక్క గది టీచరుకు అప్పజెప్పి నేనూ వెంట నడిచాను. ఎండ మాడ్చేస్తోంది. ఇద్దరం పంజగుట్ట దాకా వచ్చాం.

ఆ నడకలో నాకొక సంగతి తట్టి సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు నెలలు ఆమె కొడుకు మాట పట్టుకునే పాఠం చెప్పాను. పలుకు దిద్దాను, వరస దిద్దాను. మా అమ్మ ఆయాసం ఎప్పుడు ఎక్కువవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆ పిల్లవాడు నలుపో తెలుపో, ఏం తింటాడో, ఎలా నవ్వుతాడో, ఒక్కటంటే ఒక్కటి నేను అడగలేదు. వ్యాకరణం నేర్పే హడావుడిలో నాకు అడగాలనే తోచలేదు.

"ఎలా ఉండేవాడు ఆయా, నీ కొడుకు?" అన్నాను.

ఆయా నడక ఆపేసింది. "గిన్నొద్దులకు అడిగినవా తల్లీ" అంది. అప్పుడు ఏడ్చింది. రోడ్డు పక్క రాతి మీద కూర్చుని, పోయే టాంగాలు ఆగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా, గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడి నా కొంగు ఎండకు అడ్డం పట్టాను.

తర్వాత లేచి నడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. తన కన్నా రెండు జానల పొడుగట. చింతకాయ తొక్కు లేకపోతే బువ్వ ముట్టేవాడు కాదట. ఊరికే ఈల వేసేవాడట, ఎన్ని తిట్టినా మానలేదట, ఒకసారి గుళ్లో ప్రార్థన మధ్యలో వేసేస్తే పాస్టరుగారు కూడా నవ్వేశారట. మిలిటరీ వాళ్లిచ్చిన బూట్లు కాళ్లకు పెద్దవైతే తన పాత చీర చింపి వేళ్ల దగ్గర కుక్కి పంపిందట. సోమాజిగూడ బంగళా గేటు వచ్చింది. లోపల చిన్నపాప లేచినట్టుంది, ఏడుపు వినిపిస్తోంది. గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి, తియ్యకుండా, ఆయా ఇంకా చెబుతూనే ఉంది.